సెరెంగెటిలో ఏమేమి చూడాలి?



మన సభ్యులలో కొందరు పిల్లలతో కలిసి తూర్పు ఆఫ్రికా చూసి రావాలనుకుంటున్నారు. వారికి పనికివస్తుందని నాలుగు మాటలు మనవి చేస్తాను.

టాంజానియాలోని సెరెంగెటి 1951లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం సుమారు 14,763 చదరపు కిలోమీటర్లు. ఉత్తరాన దానిని ఆనుకొని కెన్యాలోని మసాయి మారా ఉంది. వెళ్ళినవారందరూ ముందుగా సింహం ఎక్కడని అడుగుతారు. కనబడుతుంది గాని, పగలు చాలాసేపు నీడపట్టున పడుకునే ఉంటుంది. ఏనుగులు, జిరాఫీలు తేలికగానే కనిపిస్తాయి. చీతాను చూసి చిరుతపులి అనుకోవద్దు. చీతాకు కంటి నుంచి నోటి దాకా కన్నీటి చారలా నల్లగీత ఉంటుంది. అది ఎక్కువగా పగలే వేటాడుతుంది. మన దేశంలో చీతా అంతరించిందని 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుంచి తెచ్చి కూనోలో వదిలారు.

అన్నిటికన్నా చూడవలసినది వైల్డ్‌బీస్టుల మంద. పది లక్షలకు పైమాటే. జీబ్రాలు ముదురుగడ్డి పైభాగం మేస్తాయి, వైల్డ్‌బీస్టులు కింది ఆకు మేస్తాయి, తరువాత వచ్చే లేతచిగురు చిన్న గజెల్ జింకలది. ఫిబ్రవరి ప్రాంతంలో దక్షిణాన ఈనుతాయి. జూలై, అక్టోబరు నెలల మధ్య మొసళ్ళున్న మారా నదిని దాటుతాయి. ఒడ్డున జీపులు అడ్డుపడితే మంద వెనక్కి తిరుగుతుంది. కనుక దగ్గరకు పొమ్మని డ్రైవరును తొందరపెట్టకండి.

1961లో ఈ మంద సుమారు రెండున్నర లక్షలే. కారణం రిండర్‌పెస్ట్, పశువుల పెద్దరోగం. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేసేసరికి అడవి మందకూ రోగం తప్పింది. 1970ల చివరికి పది లక్షలు దాటాయి. వైల్డ్‌బీస్టులకు ఒక్క సూదీ వేయలేదు!

మన దేశంలోనూ ఈ రోగంపై జాతీయ పథకం 1954లో మొదలైంది. 2011లో ప్రపంచమంతటా నిర్మూలన అయినట్లు ప్రకటించారు. పశుసంవర్ధక శాఖలో గుమాస్తాగా గ్రామాలవారీ టీకాల రిటర్నులు రాసినవాడిని నేను. అక్కడా ఎవరో ఒక టీకాల ఉద్యోగి ఊరూరా తిరిగి ఉంటాడు, ఎవరో ఒక గుమాస్తా ఆ లెక్కలు రాసి ఉంటాడు. మనవలకు ఆ మందను చూపించేటప్పుడు ఈ మాట కూడా చెప్పండి.

చివరగా ఒక ముఖ్య విషయం. పచ్చజ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. తిరిగి వచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. అరవై దాటినవారు డాక్టరును సంప్రదించకుండా వేయించుకోవద్దు.