మోటారు రంపము - బేరము



నలువది యేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పినవాడు యంత్రముల బేరమును గూర్చి మాటలాడుటేమని మీరు నవ్వుకొనవచ్చును. ఈ విషయమున నాకొక గెలుపు కలదు. ఆ గెలుపు వలన మా యూరికి కలిగిన నష్టమును ముందుగా విన్నవించెదను.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపాను శ్రీకాకుళము తీరమును తాకెను. ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు నేలవ్రాలెను. మా బాటల కడ్డముగా పడిన చెట్లను గొడ్డళ్లతో నరకుట వారముల పని యయ్యెను. అప్పుడు ఊరివారు చందాలు వేసికొని, చెట్లు కోయు మోటారు రంపమును కొనితెండని ఆ సొమ్మును నా చేత బెట్టిరి.

పట్టణమున నొక దుకాణదారుతో గంటసేపు వాదించితిని. తుదకాతడు, "మాష్టారు గారూ, బిల్లు వలదనుడు, తలటోపీని, కాలి కవచమును మానుకొనుడు, మూడువేలు తగ్గించెదను" అనెను. నేను సమ్మతించి గర్వముతో ఇల్లు చేరితిని.

నాల్గవ దినమున మా మేనల్లుని కుమారుడు కొమ్మను కోయుచుండగా, అది తెగినంతనే రంపము జారి యెడమ మోకాలిపై వ్రాలెను. ప్రాణము దక్కెను గాని, వైద్యమున కైన వ్యయము నేను తగ్గించిన మూడువేలకు అనేక రెట్లు. కాలి కవచములోని పొడవైన పోగులు గొలుసునకు చుట్టుకొని దానిని నిలుపునని పిమ్మట తెలిసికొంటిని. రెండు నెలలకు యంత్రములోని పంపు చెడి, గొలుసునకు నూనె పారుట నిలిచెను. దుకాణమునకు పోగా బిల్లు చూపుమనిరి. లేని బిల్లును ఎట్లు చూపుదును?

అయినచో బేరమాడరాదా? ఆడవలెను, దేనిపై ఆడవలయునో యెరిగి యాడవలెను. 2022లో రెండవ రంపమును కొన్నప్పుడు నేననుసరించిన పద్ధతి యిది.

మొదటిది ధర. పెట్టెపై ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నియు చేరియే యుండును. అంతకు మించి యడుగుట చట్టవిరుద్ధము. తగ్గించుట దుకాణదారుని యిష్టము. కావున "ఆ ధరపై ఇంత తగ్గించితిమి" అను మాటకు మురియక, బిల్లుతో గూడిన తుది ధర యెంతయని ముగ్గురు డీలర్ల నడిగి, కాగితములపై వ్రాయించుకొంటిని. మూడును ఒకే రకమునకు, ఒకే పొడవు పట్టీకి వ్రాయించవలెను. 16 అంగుళముల పట్టీ గల దానిని 18 అంగుళముల దానితో పోల్చినచో లెక్క తప్పును.

రెండవది కాలము. తుపాను వెడలిన మరునాడు కొనువానికి బలముండదు. గిరాకి లేని నెలలలో, తొందర లేనప్పుడు పోవలెను.

మూడవది మిక్కిలి ముఖ్యము. యంత్రపు ధరను ఒక మేర దాటి తగ్గింపజాలమని ముగ్గురును చెప్పిరి. నేను పట్టుపట్టక, అదనపు గొలుసును, పదును పెట్టు గుండ్రని ఆకురాయిని, గొలుసు నూనెను, తలటోపీని, కాలి కవచమును, మొదటి సర్వీసును అదే ధరలో ఇమ్మంటిని. ఇద్దరు కొంత యిచ్చెదమనిరి. ఒకరు అన్నియు నిచ్చిరి. పొరుగూరి వారును మాతో కలిసి రెండవ యంత్రమును తీసికొనుట ఇందులకు తోడ్పడెను.

ఎంత తగ్గించినను విడువరానివి కొన్ని కలవు. యంత్రపు సంఖ్య వ్రాసిన బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు తీసికొనవలెను. అంగడిలోనే యంత్రమును నడిపించి, గొలుసు బ్రేకు పట్టుచున్నదో లేదో చూడవలెను. గొలుసు బిగింపును, నూనె పాలును నేర్చుకొని రావలెను. మా యంత్రమునకు 5 లీటర్ల పెట్రోలులో 100 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ నూనె కలుపవలెనని చెప్పి, మా యెదుటనే కలిపి చూపిరి.

ఆ కుర్రవాడు నేటికిని కొంచెము కుంటుచునే నడచును. రంపమును చేపట్టు ముందర, "తాతయ్యా, కాలి కవచమేదీ?" అని నన్నే యడుగును. ఆ ప్రశ్న విన్నప్పుడెల్ల నాటి మూడువేలు నాకు జ్ఞప్తికి వచ్చును. మీ యూరి సొమ్ము మీ చేతికి వచ్చిన నాడు మీకును జ్ఞప్తికి రావలెనని ఈ నాలుగు మాటలు చెప్పితిని.

సెలవు.