కాకిబంగారం, అమెరికా కరెంటు

నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం రేవు దాటి గూడూరు, సైదాపురం వైపు వెళ్తే దారి పక్క మట్టి ఎండకు తళుక్కుమంటుంది. అది అభ్రకం. మనవాళ్లు కాకిబంగారం అంటారు. చిన్న ముక్క తీసుకుని అంచున గోరు పెట్టి చూడండి, ఉల్లిపొరలా లేచి వస్తుంది. నెల్లూరు అభ్రకంలో లేత ఆకుపచ్చ ఛాయ కూడా కనిపిస్తుంది.

ఈ కాకిబంగారానికీ అమెరికా కరెంటుకూ సంబంధం ఉంది. 1882లో ఎడిసన్ న్యూయార్కులో విద్యుత్ కేంద్రం తెరిచాడు. తర్వాత కరెంటు మోటార్లు ఫ్యాక్టరీల్లోకి వచ్చాయి. ఆ మోటార్లలో తిరిగే భాగం మీద రాగి పలకలు వరసగా ఉంటాయి. ఒకదాని కరెంటు పక్కదానిలోకి దూకకుండా మధ్యలో అభ్రకం రేకు పెట్టాలి. అది వేడికి మాడదు, కరెంటును పోనివ్వదు. అందుకే పల్చని రేకుల కోసం అమెరికా మన దేశం వైపు చూసింది. గనిలో తవ్విన దిమ్మెల్ని కూలీలు చేత్తోనే పొరలు పొరలుగా చీల్చేవారు. ఆ వేళ్ల నేర్పు గురించి విద్యుత్ చరిత్రలో ఒక్క మాటైనా ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే అభ్రకంలాగే మనుషులూ అమెరికా బాట పట్టారు. 1884లో విద్యుత్ ఆవిష్కర్త నికోలా టెస్లా వెళ్లాడు. 1907లో ఒక్క ఏడాదే 12 లక్షల మందికి పైగా చేరారు, ఎక్కువమంది యూరప్ వాళ్లే. మనవాళ్లకు మాత్రం 1917 నాటి అమెరికా వలస చట్టం తలుపు మూసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920లలో చదువుకని హార్వర్డ్ చేరి, అమెరికా పౌరసత్వం లేకుండానే ఎన్నో మందుల పరిశోధనలు నడిపించాడు. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో వెళ్లింది 1965లో చట్టం మారాకే.