గెలాక్సీల్లో సి సెక్షన్

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఇంజినీరువి కదా, వంతెనల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శి గారు. వంతెనల గురించి ముప్ఫయ్యేళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాను. ఈ పది నిమిషాలూ గెలాక్సీల గురించి మాట్లాడనివ్వండి.

మన ఫిజిక్సు ల్యాబులో శృతిదండం గుర్తుందా? రబ్బరు దిమ్మ మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లం. ఎడ్విన్ హబుల్ గెలాక్సీలను ఆ ఆకారంలోనే సర్దాడు. ఆండ్రోమెడాలో కనబడే మసక మన పాలపుంతలోది కాదు, దానికి బయట ఉన్న వేరే నక్షత్రలోకం అని తేల్చిందీ ఆయనే. 1926లో వర్గీకరణ ప్రచురించాడు, 1936లో వచ్చిన పుస్తకంలో శృతిదండం బొమ్మ వేశాడు.

దండం పిడి మీద దీర్ఘవృత్తాకారపు గెలాక్సీలు. బంతిలా గుండ్రంగా ఉంటే ఈ-0, బాగా నొక్కుకుపోతే ఈ-7. రెండు కొమ్మల మీద సర్పిలాలు: మామూలువి ఒకదాని మీద, నడుమ పట్టీ ఉన్నవి రెండోదాని మీద. మన పాలపుంత పట్టీ ఉన్న రకం. పిడీ కొమ్మలూ కలిసేచోట కటకాకారపువి. వాటికి పళ్లెం ఉంటుంది, చేతులుండవు. ఎక్కడా ఇమడనివి క్రమరహితాలు. మెగలానిక్ మేఘాలను హబుల్ అందులోనే వేశాడు. తర్వాత డి వోకులేర్ పెద్ద మేఘంలో పట్టీని, చెయ్యి లాంటిదాన్ని చూసి సర్పిలాల చివర దానికో గది కట్టాడు.

సర్పిలాల్లో మళ్లీ ఏ, బి, సి. చేతులు బిగుతుగా చుట్టుకుని, నడిమి ఉబ్బు పెద్దగా ఉంటే ఏ. చేతులు విప్పారి, ఉబ్బు చిన్నదైతే సి. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోని ఆండ్రోమెడా బి. దాని పొరుగున ఉన్న ఎం-33 సి.

మనల్నీ ఎనిమిదో తరగతిలో ఇలాగే విడదీశారు, త్రైమాసిక మార్కులు చూసి. నేను సి. నా బెంచీ మీద కూర్చునేవాడూ సి. లెక్కల్లో వాడు నాకంటే చురుకు. పరీక్షల వారమంతా టైఫాయిడ్‌తో మంచం మీదున్నాడు. దసరా సెలవుల తర్వాత బడికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. వాళ్లిల్లు నాకు తెలుసు. నేనూ వెళ్లలేదు.

సి రకం గెలాక్సీల్లో వాయువు, ధూళి ఎక్కువ. కొత్త నక్షత్రాలు జోరుగా పుట్టేది వాటిలోనే. సి సెక్షన్ వాళ్లు కావాలంటే చప్పట్లు కొట్టుకోవచ్చు.

హబుల్ పిడి వైపువాటిని తొలి రకం అన్నాడు, కొమ్మల చివరివాటిని మలి రకం అన్నాడు. ఆ మాటలకు కాలంతో సంబంధం లేదని ఆయనే చెప్పుకున్నాడు. అయినా తొలి రకమే పెరిగి మలి రకం అవుతుందని చాలామంది అనుకున్నారు. రెండు సర్పిలాలు ఢీకొని కలిసిపోతే దీర్ఘవృత్తం తయారు కావచ్చని ఇప్పుడు తెలుసు. అంటే దారి అటునుంచి ఇటు కూడా ఉంది. పేరు పెట్టేవాడు జాగ్రత్తపడ్డా, వినేవాళ్లు పడరు.

నా వృత్తి కళ్లతో చూస్తే ఇంకో చిక్కు. ప్లాను, ఎలివేషను, సైడ్ వ్యూ లేకుండా ఒక్క బొమ్మతో ఎవరైనా డ్రాయింగు తెస్తే నేను వెనక్కి పంపిస్తాను. ఆకాశం మనకిచ్చేది ఒక్క వ్యూనే. సొరకాయను కొసవైపు నుంచి చూస్తే అదీ గుండ్రమే. ఈ-0 అని రాసుకున్నది నిజంగా బంతేనని ఆ ఒక్క ఫొటో చెప్పలేదు. ఎం-104ను ఎన్నో ఏళ్లుగా ఏ రకం సర్పిలం అనేవారు. 2012లో స్పిట్జర్ టెలిస్కోపు పరారుణ కాంతిలో తీసిన చిత్రాలను పరిశీలించినవాళ్లకు అది పెద్ద దీర్ఘవృత్తం లోపల దాగిన పళ్లెంలా కనిపించింది.

2007లో గెలాక్సీ జూ అని మొదలైంది. దాదాపు 9 లక్షల గెలాక్సీల ఫొటోలు పెట్టి, వర్గీకరించమని మామూలు జనాన్నే అడిగారు. మొదటి ఏడాదిలో లక్షన్నర మందికి పైగా చేరి 5 కోట్లకు పైగా తీర్పులిచ్చారు. నేనూ రాత్రిళ్లు కూర్చుని చేశాను. సర్పిలం ఎటు తిరిగినట్టుందో కూడా చెప్పాలి. అపసవ్యంగా తిరిగేవి ఎక్కువని లెక్క తేలింది. విశ్వానికే ఒక మొగ్గుందా అని ఆశ్చర్యపోయి, ఫొటోలను అద్దంలోలా తిప్పి మళ్లీ చూపించారు. అప్పుడూ అపసవ్యమే ఎక్కువ! మొగ్గు ఉన్నది మన చూపులో. ఆ సంగతి చదివాక నేను తొందరపడి నొక్కిన బటన్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కో గెలాక్సీని చాలామందికి చూపించారు కాబట్టి నా తప్పులు వాటికి అంటుకోలేదు.

ఇంకో మాట చెప్పి దిగిపోతాను. పదో తరగతిలో మన సైన్సు మాస్టారు ఇదే గ్రౌండులో నిలబెట్టి ఆండ్రోమెడా చూపించారు. అందరితోపాటు నేనూ "కనబడింది సార్" అన్నాను. నిజానికి కనబడలేదు. భోజనాలయ్యాక ఓ పావుగంట గ్రౌండు లైట్లు ఆర్పమని వాచ్‌మన్‌తో చెప్పాను. ఈ డిసెంబరులో ఎనిమిది గంటలకు అది ఉత్తరం వైపు బాగా పైన ఉంటుంది. బైనాక్యులర్ నా సంచిలో ఉంది.