మూడున్నర సీసీల ఇంజను, మా నాన్న చెవి



రిమోట్ కారు గురించి మాట్లాడమన్నారు. బ్యాటరీ బొమ్మ అనుకునేరు! ఈ నైట్రో బగ్గీ అసలు బండిలో ఎనిమిదో వంతు. బరువు మూడు కిలోల పైచిలుకు. లోపలి 3.5 సీసీల టూ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 30,000 చుట్లు దాటి తిరుగుతుంది. దీనికి పెట్రోలు పొయ్యరు. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం పోస్తారు.

మట్టి ట్రాకు మీద ఫైనల్ అరగంట నుంచి గంట దాకా సాగుతుంది. 125 సీసీల ట్యాంకేమో ఎనిమిది, పది నిమిషాలకే ఖాళీ. మధ్యమధ్య పిట్‌లోకి వచ్చి నింపుకోవాలి. వేగంగా నడిపేవాళ్లు చాలామందే ఉంటారు కానీ చివరిదాకా బండి నిలిచేది కొందరికే. అందుకే పోటీకి వారం ముందు నుంచి నేను బల్ల వదలను.

కొత్త ఇంజనుతో ఓపిక కావాలి. పిస్టన్‌కు రింగులుండవు. స్లీవు పైకి పోనుపోను సన్నబడుతుంది కనుక చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైన పట్టేస్తుంది. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, అప్పుడు స్టార్ట్ చేస్తాను. ఇంధనం కాస్త ఎక్కువ పోయేలా సూది తిప్పి కొంతసేపు నడపడం, చల్లారనివ్వడం, మళ్లీ నడపడం. ఆపిన ప్రతిసారీ ఫ్లైవీలు తిప్పి పిస్టన్‌ను కిందికి దించాలి. పైన వదిలేస్తే చల్లారే స్లీవు దాన్ని బిగించేస్తుంది.

తర్వాత గేర్లు. ఇక్కడ మా నాన్న వస్తారు. ఆయన లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా రిటైరయ్యారు. 1893లో నిజాం రైల్వే పెట్టిన ఆ షాపు గురించి మీకు నేను చెప్పేదేముంది! ఇప్పుడాయనకు ఎనభై దాటాయి, చెయ్యి వణుకుతుంది, స్క్రూడ్రైవరు పట్టరు. రెండు గేర్ల మధ్య సన్న కాగితం ముక్క పెట్టి ఇంజను బిగిస్తాను. కాగితం లాగేసి చక్రం తిప్పితే ఆయన కళ్లు మూసుకుని వింటారు. "బిగుతైందిరా, వెంట్రుకంత జరుపు" అంటారు. బేరింగులూ అంతే, చెవి దగ్గర తిప్పించుకుని "ఇది తీసెయ్" అంటారు.

ఆయన మంచివన్నవీ, తీసెయ్యమన్నవీ ఫోనులో విడివిడిగా రికార్డు చేసుకుంటున్నాను. రాత్రుళ్లు వింటాను. తేడా నాకు సగం సార్లే తెలుస్తోంది.

మన దుమ్ముకు ఎయిర్ ఫిల్టరే ప్రాణం. నూనె పట్టించిన స్పాంజి కొద్దిగా చిరిగినా ఇసుక లోపలికి పోయి స్లీవును గీరేస్తుంది. పరుగు పరుగుకూ కొత్తది మారుస్తాను, ఇక్కడ పిసినారితనం పనికిరాదు. డిఫరెన్షియళ్లలో సిలికాన్ నూనె, లోహంలోకి దిగే స్క్రూలకు లాకింగ్ జిగురు, ఇవి మామూలే. కార్బురేటరు మాత్రం ఇంట్లో సెట్ చేసుకుని వెళితే కుదరదు. పొద్దున చల్లగాలికి సరిపోయిన సూది మధ్యాహ్నం ఎండకు సరిపోదు. పొగ చూసి, వేడి కొలిచి తిప్పుకోవాలి.

పరుగయ్యాక మిగిలిన ఇంధనం ఇంజనులో ఉంచకూడదు. మిథనాల్ గాలిలో తేమను పీల్చి బేరింగులకు తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు వంచేసి, లోపలున్నది కాల్చేసి, రెండు చుక్కల నూనె వేస్తాను.

పిల్లలకు ఇక్కడ క్లబ్బు పెడదామా అని సైన్సు మాస్టారు అడిగారు. పెడదాం సార్, కానీ మొదట బ్యాటరీ బండ్లతో. మిథనాల్ విషం, అంటుకుంటే పట్టపగలు మంట కూడా కనబడదు. ఇంధనం డబ్బా పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. వర్క్‌షాప్‌లో రిటైరైన మనవాళ్లు వారానికో గంట వచ్చి కూర్చుంటే గేర్ల పాఠం నేను చెప్పక్కర్లేదు.

బండి బయట వరండాలో బల్ల మీద పెట్టాను. ట్యాంకు ఖాళీయే, పిల్లలు ముట్టుకోవచ్చు. నాన్నగారు పక్కనే కుర్చీలో ఉన్నారు, చక్రం తిప్పి అడగండి.