గాలిపడవకు అతుకు

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు సుమారు 150 మందికి ప్రాణభిక్ష పెట్టినది. 2020 అక్టోబరులో ఫలక్‌నుమా ప్రాంతపు కాలనీలు మునిగినప్పుడు ఆ పని గాలిపడవలు చేసినవి. చెట్టుకు లేని చిక్కు పడవకున్నది: చిల్లి.

పాతబస్తీలో పంక్చరు దుకాణమునకు కొదువ లేదు. సైకిలు ట్యూబుకు పూసెడి సొల్యూషనే పడవకును చాలునని తోచుట సహజము. కాని పడవ వినైలుదైనచో ఆ అతుకు నిలువదు. వినైలును మెత్తగా నుంచుటకు కలిపిన నూనెవంటి ద్రవ్యము క్రమముగా పైకి ఊరి జిగురును వదులు చేయును. క్షణములో పట్టెడి జిగురు సంగతి మరియొకటి. అది ఎండి పెళుసై, పడవ వంగగానే పగులును. వినైలుకని చేసిన పాలీయురిథేన్ జాతి జిగురే వాడవలెను.

ముందుగా గాలి తీసి, చిల్లిచుట్టు స్పిరిటుతో తుడువవలెను. అతుకుముక్క గుండ్రముగా నుండవలెను. మూలలున్నచో అక్కడనే లేచును. రెండింటికిని పలుచగా పూసి, వ్రేలికి అంటీ అంటనట్లు ఆరిన పిదప గట్టిగా అదుమవలెను. తరువాత ఒక దినము గాలి నింపరాదు. వరద వచ్చిన రాత్రి ఆ దినము ఎక్కడ దొరకును? మృగశిర కార్తెకు ముందే పడవను విప్పి, గాలి నింపి, సబ్బునీరు పూసి, బుడగ లేచినచోట సుద్దతో గుర్తు పెట్టుకొనవలెను.