తెరచాప పడవకు కాపలా ఎవరు?

2009 అక్టోబరులో, సీషెల్స్ నుంచి టాంజానియాకు సొంత తెరచాప పడవలో బయలుదేరిన బ్రిటన్ దంపతులను రాత్రివేళ సోమాలీ సముద్రపు దొంగలు పట్టుకున్నారు. దగ్గరికొచ్చిన బ్రిటిష్ నౌక, కాల్పులు జరిపితే బందీలకే ముప్పని ఆగిపోయింది. ఆ ఇద్దరూ 388 రోజులు చెరలో గడిపారు.

ఈ పడవల అంచు నీటికి మీటరు ఎత్తున ఉంటే గొప్ప. కాలెత్తి వేస్తే లోపలే! వేగమా, గంటకు పది కిలోమీటర్లు. మోటారు పడవను తప్పించుకునేదెలా? పెద్ద ఓడల వెనక కంపెనీ, బీమా ఉంటాయి. ఈ చిన్న పడవలవాళ్లను విడిపించడానికి డబ్బు పోగుచేయాల్సింది అయినవాళ్లే.

2011లో ఒమాన్ దగ్గరి సముద్రంలో పట్టుబడిన నలుగురు అమెరికన్లు ప్రాణాలతో బయటపడలేదు. ఆ తర్వాత కొందరు తమ పడవలను సరుకు ఓడలకెక్కించి ఆ దారి దాటించారు. ఖర్చెక్కువే. అయినా తెలివైన పని.