జైలు గురించి మనవాళ్లు అడిగే ప్రశ్నలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇందాక ధింసా చూసి అందరం చప్పట్లు కొట్టాం. ఇలాంటి రోజున జైలు మాట ఎందుకు ఎత్తుతున్నానా అని మీకు అనిపించవచ్చు. హాస్టల్ వార్డెన్‌ని కాబట్టి నా దగ్గరికి తల్లిదండ్రులు పిల్లల చదువు గురించో జ్వరం గురించో వస్తారు. కొన్నేళ్లుగా ఇంకో రకం ప్రశ్నలతో కూడా వస్తున్నారు. ‘వార్డెనమ్మా, మా గుంటడు అడవివరం జైల్లో ఉన్నాడు, ఎప్పుడొస్తాడు?’ అని అడుగుతారు. పైకి అడగలేక వరండాలో కూర్చుని వెళ్లిపోయే వాళ్లూ ఉన్నారు. రేపు ఊళ్లో చదువుకున్న వాళ్లు మీరే అవుతారు. ఈ ప్రశ్నలు మీ గుమ్మం ముందుకే వస్తాయి. అందుకే మనవాళ్లు ఎక్కువగా అడిగేవి కొన్ని తీసుకుని, నాకు తెలిసిన జవాబులు చెబుతాను.

మొదటి ప్రశ్న: జైల్లో పెట్టారంటే తప్పు చేసినట్టే కదా?

కాదు. జైల్లో రెండు రకాల వాళ్లుంటారు. కోర్టు విచారణ పూర్తిచేసి శిక్ష వేసిన వాళ్లు ఒక రకం. విచారణ ఇంకా పూర్తికాక, బెయిలు రాక లోపల ఉన్నవాళ్లు రెండో రకం. వీళ్లను విచారణ ఖైదీలు అంటారు. 2022 చివరినాటి ప్రభుత్వ లెక్క ప్రకారం మన దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్ష పడలేదు. కాబట్టి ఊళ్లో ఎవరైనా ‘వాడు దొంగ, జైలుకెళ్లాడు’ అంటే, ‘శిక్ష పడిందా, రిమాండులో ఉన్నాడా?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సగం పుకార్లు ఆగిపోతాయి. ఆ ఇంటివాళ్లను పెళ్లిళ్లకు, పండగలకు పిలవడం మానేయకండి.

రెండో ప్రశ్న: పోలీసులు పట్టుకెళ్లారు, ఇప్పుడేం చేయాలి?

ముందు తెలుసుకోవాల్సింది ఇది. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో చెప్పాలి. ఇంటివాళ్లలో ఒకరికి తెలియజేయాలి. ప్రయాణ సమయం పోను 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. తనకు నచ్చిన లాయరుతో మాట్లాడే హక్కు అరెస్టయిన మనిషికి ఉంది. వీటిలో చాలావరకు రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. మీరు చేయాల్సిన పని ఏ స్టేషను, ఏ కేసు నంబరు, ఏ సెక్షన్లు, ఏ కోర్టు అన్నవి అడిగి కాగితం మీద రాసుకోవడం. ఆ కాగితం లేకుండా ఏ లాయరు దగ్గరికి వెళ్లినా పని ముందుకు సాగదు.

మేజిస్ట్రేటు ముందుకు వెళ్లినప్పుడు మనవాళ్లు తల వంచుకుని నిలబడతారు. కువి మాట్లాడేవాళ్లకు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లకు కోర్టు తెలుగు అర్థం కాదు. అడిగిన ప్రతిదానికీ ‘ఆ’ అంటారు. అర్థం కాలేదని చెప్పడం తప్పు కాదు. తెలియని భాషలో సాక్ష్యం చెబుతుంటే దాన్ని ముద్దాయికి తెలిసిన భాషలో వివరించాలని చట్టంలోనే ఉంది.

ఇక్కడ హాస్టల్ వార్డెన్‌గా ఒక మాట గట్టిగా చెప్పాలి. 18 ఏళ్లు నిండని పిల్లవాణ్ణి లాకప్పులో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. వయసు తేల్చడానికి చట్టం మొదట చూసేది బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్టు, లేదా పదో తరగతి సర్టిఫికెట్టు. అవి లేనప్పుడు పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఏదీ లేకపోతేనే వైద్య పరీక్ష. పిల్లవాడు చూడటానికి పెద్దగా ఉన్నాడు కదా అని 19 రాసేస్తే, దాన్ని సరిచేయగలిగేది బడి రిజిస్టరే. ఈ సంగతి కేసు ఏ దశలో ఉన్నా కోర్టు ముందు పెట్టవచ్చు. బడి మానేసిన మీ తమ్ముళ్ల పేర్లు కూడా ఏదో ఒక అడ్మిషన్ రిజిస్టరులో ఉంటాయి. వెళ్లి అడగండి.

మూడో ప్రశ్న: లాయరుకు డబ్బులెక్కడివి?

1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం షెడ్యూల్డు తెగల వాళ్లకు ఉచితంగా లాయరును ఇవ్వాలి. ఆదాయం ఎంతని అడగరు. కస్టడీలో ఉన్న మనిషికీ, మహిళలకూ, పిల్లలకూ ఇదే హక్కు ఉంది. జిల్లా కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు. జైల్లో ఉన్న మనిషి అక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, హక్కు.

మాకు తెలిసిన ఒక తల్లి పసుపు అమ్మిన డబ్బంతా తీసుకెళ్లి, ‘కొడుకుని చూపిస్తాను’ అన్న మధ్యవర్తి చేతిలో పోసింది. ఆమె కొడుకుని చూడటానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. జైలులో కలవడాన్ని ములాఖత్ అంటారు. ఆధార్ కార్డు చూపించి పేరు రాయించుకోవాలి. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ముందుగా నమోదు చేసుకునే పద్ధతి కూడా ఉంది. ఆ తల్లికి ఫోన్‌లో ఆ పని చేసిపెట్టగలిగిన వాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. ఆమెకు ఆ సంగతి తెలియదు, వాళ్లకు ఆమె బాధ తెలియదు.

నాలుగో ప్రశ్న: ఎప్పుడొస్తాడు?

ఇది కేసును బట్టి ఉంటుంది. మామూలు కేసుల్లో పోలీసులు 60 రోజుల్లో, పెద్ద నేరాలైతే 90 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. వేయకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం 479వ సెక్షను ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్న మనిషి ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల ఉంటే విడుదలకు అర్హుడు. మిగతావాళ్లకు సగం కాలం. ఆ గడువు పూర్తయ్యాక కోర్టుకు దరఖాస్తు పెట్టడం జైలు సూపరింటెండెంటు బాధ్యత. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు.

మన ఏజెన్సీలో ఎక్కువ కుటుంబాలను ఏడిపిస్తున్నది గంజాయి కేసు. దాని లెక్క వేరు. కిలో లోపు దొరికితే ఏడాది దాకా జైలు గానీ, పదివేల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కిలో నుంచి 20 కిలోల వరకు పదేళ్ల దాకా. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా, పైగా లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. ఆ పెద్ద కేసులో ఛార్జిషీటుకు 180 రోజుల గడువు ఉంటుంది, కోర్టు దాన్ని ఏడాది దాకా పొడిగించవచ్చు. ఈ మనిషి నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తే తప్ప బెయిలు రాదు. సరుకు ఎవరిదో, డబ్బు ఎవరిదో అన్న ప్రశ్న తర్వాత వస్తుంది. ముందు పట్టుబడేది మూట మోసిన వాడే. ‘చెక్‌పోస్టు దాటించు చాలు’ అన్నవాడు కోర్టుకు రాడు, ములాఖత్‌కూ రాడు. తమ్ముళ్లూ, రెండు రోజుల కూలి కోసం మీ ఇరవై ఏళ్ల వయసంతా తాకట్టు పెట్టకండి.

అయిదో ప్రశ్న: బెయిలు వచ్చిందన్నారు, అయినా వదల్లేదేం?

జామీను లేక. పూచీ ఇచ్చేవాళ్లు ఆస్తి కాగితాలు చూపించాలంటారు. మన పోడు భూములకు అందరికీ పట్టాలు లేవు. అలా బెయిలు ఉత్తర్వు వచ్చినా లోపలే మిగిలిపోయే పేదలు దేశమంతటా ఉన్నారు. దీనిపై 2023 జనవరిలో సుప్రీంకోర్టు కొన్ని ఆదేశాలిచ్చింది. బెయిలు వచ్చాక వారంలో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థకు తెలియజేయాలి. నెలలోపు పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడవచ్చు. పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం కూడా తెచ్చింది. అప్పటి మార్గదర్శకాల ప్రకారం విచారణ ఖైదీకి 40 వేల దాకా సాయం దొరికేది, కానీ గంజాయి కేసులను అందులోంచి మినహాయించారు. ఆశపెట్టి చివర్లో లేదనడం కంటే ఈ సంగతి ముందే చెప్పడం మంచిది.

2022 రాజ్యాంగ దినోత్సవం నాడు మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ముందే, చిన్న చిన్న కేసుల్లో ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గుతున్న పేదల గురించి మాట్లాడారు. ఆవిడ సంథాల్ ఆడపడుచు. ఆ కుటుంబాల భయం ఆవిడకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఆరో ప్రశ్న: లోపల ఎలా చూస్తారు?

‘చిప్పకూడు’ అనీ ‘శ్రీకృష్ణ జన్మస్థానం’ అనీ మనం జైలు మీద నవ్వుకుంటాం. లోపల ఉన్నవాళ్లకు అది నవ్వులాట కాదు. కానీ ఖైదీ అయినంత మాత్రాన మనిషి హక్కులు పోవు. వైద్యం చేయించాలి. కొట్టకూడదు. కులాన్ని బట్టి పనులు పంచకూడదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడి కూడా తీసేయమంది. తల్లి జైల్లో ఉంటే ఆరేళ్ల లోపు బిడ్డను తన దగ్గర ఉంచుకోవచ్చు. ఆ బిడ్డను ఖైదీలా చూడకూడదు. 2006లో వచ్చిన ఈ తీర్పులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ప్రతివాదే. మావాడికి ఒంట్లో బాగాలేదని ములాఖత్‌లో తెలిస్తే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి. నోటిమాట గాలిలో కలుస్తుంది.

చివరి ప్రశ్న మీలాంటి కుర్రాళ్లది: కేసు ఉంటే ఉద్యోగం రాదా?

రాదని ముందే తేల్చేసుకుని చదువు మానేయకండి. అటెస్టేషన్ ఫారంలో కేసు ఉందా అని అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. సమాచారం నిజంగా ఇవ్వాలి, దాన్ని బట్టి నేరం ఎలాంటిదో, కేసు ఏమైందో చూసి అధికారులు నిర్ణయం తీసుకుంటారు. కేసు కంటే దాచడమే ఎక్కువ కీడు చేస్తుంది. నిర్దోషిగా బయటపడితే ఆ తీర్పు కాపీ జాగ్రత్త చేసుకోండి.

ఇన్ని చట్టాలు చెప్పాను. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను కొండెక్కి మన ఊరికి రాదు. ఎవరో ఒకరు కేసు నంబరు రాసుకోవాలి, బస్సెక్కాలి, కోర్టు గుమాస్తాను అడగాలి, వాయిదా తేదీ గుర్తుపెట్టుకోవాలి. మన తల్లులు చేయలేకపోతున్నది సరిగ్గా ఈ పనులే. మీరు డిగ్రీలు చదివింది ఇందుకు కూడా పనికిరావాలి.

అందుకే ఈ సంఘం యువతను ఒకటే కోరుతున్నాను. ప్రతి పంచాయతీలో ఇద్దరు ముందుకు రండి. మీ ఊరి నుంచి జైల్లో ఉన్నవాళ్లు ఎవరు, ఏ కేసు, ఎన్ని రోజులైంది, లాయరు ఉన్నాడా లేదా అని ఒక నోటుపుస్తకంలో రాయండి. ఆ పుస్తకం తీసుకుని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. తోడు కావాలంటే నేను వస్తాను. ఈ నెల నుంచే మొదలుపెడదాం.

సెలవు. జై ఆదివాసీ.